గొలుసేసిన గాలిమర

ఇలాంటివి నమ్మే మనిషిని కాను నేను. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. హాస్టల్లో నీళ్ళ ట్యాంకు దగ్గర ఎవరో కనిపించారని మిగతా అమ్మాయిలు ముగ్గురేసి ఒక్కో మంచం మీద ముడుచుకుని పడుకుంటే, నేను అదే ట్యాంకు దగ్గరికి వెళ్ళి బట్టలు ఉతుక్కుని వచ్చేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను. పాప ఇప్పుడే నిద్రపోయింది. మళ్ళీ లేచేలోగా రాయాలి.

మేము విజయవాడలో, గుణదలలో ఉంటాం. మా ఆయన కిరణ్‌ది బ్యాంకు ఉద్యోగం. మాకు ఒక్కతే పాప, జాహ్నవి. జానూ అంటాం. ఈ సంగతి జరిగేనాటికి దానికి ఇరవై నెలలు. పద్నాలుగు మాటలు వచ్చు. నాకు ప్రతిదానికీ కంగారే, అందుకని ఏ మాట ఏ రోజు అన్నదో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకునేదాన్ని. అమ్మ, నాన్న. నీళ్ళకి ‘నీ’. కాకికి ‘తాకి’. తిరిగే ఫ్యానుకి ‘గిర్రు’. ఆగి ఉన్న ఫ్యానుని చూపించి అడిగితే పలికేది కాదు. స్విచ్చి వేసి, అది తిరగడం మొదలుపెడితేనే వేలు పైకెత్తి గిర్రు అనేది.

పెళ్ళికి ముందు నాకు ఫోటోల పిచ్చి ఉండేది. కాలేజీలో మా ఫోటోగ్రఫీ క్లబ్బు నడిపిన చరిత్ర మాస్టారు రిటైరయ్యాక, జమీందారీ కాలం నాటి కట్టడాల మీద ఒక పుస్తకం రాస్తున్నారు. చల్లపల్లి అవతల పొలాల్లో పాత గాలిమర ఒకటి మిగిలి ఉందట. గాలికి చక్రం తిరిగితే, కింద బావిలోంచి నీళ్ళు వాటంతట అవే పైకి వచ్చే యంత్రం. దాన్ని పాత ఇనుము కింద అమ్మేస్తారని వినిపిస్తోందని, ఈలోగా ఫోటోలు తీసి పెట్టమని నన్ను అడిగారు. కాన్పయ్యాక కెమెరా బయటికి తీయడం అదే మొదలు. ముందు రోజంతా లెన్సులు తుడుచుకుంటూ కూర్చున్నాను.

మాస్టారు ఒక మాట మాత్రం గట్టిగా చెప్పారు. “ప్రతి కట్టడం పక్కనా ఓ మనిషిని నిలబెట్టి తియ్యమ్మా. లేకపోతే అదెంత ఎత్తో చూసేవాళ్ళకి తెలీదు. క్లబ్బులో చెప్పిందే, పెళ్ళయ్యాక మర్చిపోయుంటావు.”

ఉయ్యూరు, పామర్రు మీదుగా మేము ఆ పొలానికి చేరేసరికి ఉదయం పది దాటింది. వరి కోతలు అయిపోయాయి. కనుచూపు మేరా మినుము పచ్చగా పరుచుకుని ఉంది. మధ్యలో నాలుగు ఇనప కాళ్ళ మీద, కొబ్బరిచెట్టంత ఎత్తున గాలిమర. పైన చక్రం. దానికి పద్దెనిమిది రేకులు ఉండాలి. ఒకటి ఊడిపోయి, ఆ మేర ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడియారంలో పది అంకె ఉండే చోట ఉంది. కాళ్ళ దగ్గర నీళ్ళు పడే సిమెంటు తొట్టి, ఎండిపోయి, అడుగున ఎండుటాకులు.

పక్క పొలం రైతు గట్టు మీద ఎదురయ్యారు. సుబ్బారావు గారు, డెబ్బై దాటిన పెద్దాయన. చక్రం ఇప్పటికీ తిరుగుతుందా అని అడిగాను.

“ఎక్కడమ్మా! కరెంటు మోటారొచ్చిన ఏడు మా నాన్న గొలుసేశాడు. నాకప్పుడు పదేళ్ళు. అప్పట్నుంచీ అంగుళం కదల్లా.”

కొలత కోసం ఆయన్నే పక్కన నిలబడమన్నాను. “నేనెందుకులే తల్లీ, పుస్తకం తెరిచినోళ్ళు జడుసుకుంటారు” అని నవ్వి, తన పొలంలోకి వెళ్ళిపోయారు. కిరణ్ కారు దగ్గర ఎవరితోనో ఫోన్లో ఉన్నారు. ఎండ ముదిరితే ఫోటోలు పాడవుతాయి. అందుకని పాపనే తీసుకెళ్ళి తొట్టి పక్కన నిలబెట్టాను.

అప్పుడు నేనన్న మాటలు ఒక్క అక్షరం మర్చిపోలేదు. “జానూ, ఒక్క నిమిషం. కదలకూడదు. మాట్లాడకూడదు. ష్.”

పాప తల పైకెత్తింది. వేలు పెట్టి పైకి చూపించింది. “అమ్మా, గిర్రు” అంది.

“అవునమ్మా, గిర్రే. ష్, మాట్లాడకు” అన్నాను. నాలుగు ఫోటోలు తీశాను. తొట్టిలో పడుతుందేమోనని నా చూపంతా పాప మీదే ఉంది. పైన చక్రాన్ని చూడలేదు. ఆ రోజు గాలి లేదు. దూరంగా ఇటుక బట్టీ పొగ తాడు వేలాడదీసినట్టు నిలువుగా ఉంది. ఆ పొగ కూడా ఫోటోల్లో పడింది.

దారి పొడుగునా పాప పలకలేదు. నిద్ర వస్తోందనుకున్నాం. మర్నాడు కూడా పలకలేదు. పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాం. వారం గడిచాక నోట్‌బుక్కు తీసి, పద్నాలుగు మాటలూ ఒక్కొక్కటే అడిగి చూశాను. ఫ్యాను వేసి చూపించాను. కాకిని చూపించాను. పిలిచినా మా వైపు చూడటం మానేసింది.

చెవి పరీక్షలు చేశారు, బాగానే ఉంది. ఈ వయసులో కొందరు పిల్లల్లో వచ్చిన మాటలు వెనక్కి పోతాయని, అది ఎవరి తప్పూ కాదని డాక్టరు గారు చాలా ఓపిగ్గా చెప్పారు. వారానికి మూడు రోజులు థెరపీకి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళుతున్నాను, ఒక్క రోజు కూడా మానలేదు. మా అత్తయ్య గారు మాత్రం, “చంటిదానికి చుక్క పెట్టకుండా పొలాల వెంట తిప్పావు, ఫోటోలు కావాల్సొచ్చాయా?” అని ఒకసారి అన్నారు. తర్వాత ఆవిడే బాధపడి వంటింట్లో ఏడ్చారు. నాకు కోపం రాలేదు. చుక్క సంగతి సరే, మాట్లాడొద్దని చెప్పింది నేను కదా.

నెల తర్వాత పాప ఒక శబ్దం చేయడం మొదలుపెట్టింది. గొంతు అడుగు నుంచి రెండు మూలుగులు. కాస్త ఆగి, సన్నగా, పొడుగ్గా ఒక ఈల. ఎప్పుడూ అదే వరస. పిల్లలు ఇలాంటివి తమకు తాముగా కల్పించుకుంటారని థెరపిస్టు చెప్పింది. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ గొడవలో ఫోటోల సంగతే మర్చిపోయాను. నాలుగు నెలలకి మాస్టారికి పంపాను. ఆ సాయంత్రమే ఆయన ఫోన్ చేశారు.

“ఏమ్మా, చక్రం తిరగదన్నావు?”

“తిరగదు మాస్టారూ. గొలుసేసి కట్టేశారు.”

“మరి ఊడిన రేకు తాలూకు ఖాళీ ఒక్కోచోట ఒక్కోలా ఉందేమిటి?”

మొత్తం ముప్ఫై ఒక్క ఫోటోలు. అన్నీ ముందు వైపు నుంచే తీశాను, అటు నుంచి తప్ప దారి లేదు. పాప లేని ఇరవై ఏడింటిలో ఖాళీ పది అంకె దగ్గరే ఉంది. పాప ఉన్న నాలుగింటిలో మాత్రం ఆరు అంకె దగ్గర ఉంది. అంటే, సరిగ్గా కిందికి. పాప నిలబడిన వైపుకి. ఆ నాలుగింటికి ముందు తీసిన ఫోటోలోనూ, తర్వాత తీసిన దానిలోనూ మళ్ళీ పది దగ్గరే. కెమెరా ఒరిగిందేమో అనుకుంటే, ఇనప కాళ్ళు అన్నిటిలోనూ నిటారుగానే ఉన్నాయి.

కిరణ్‌కి చూపించాను. “గొలుసు వదులై ఉంటుంది. గాలికి తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చుంటుంది” అన్నారు. పొగ వైపు వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, ల్యాప్‌టాప్ మూసేశారు. ఆ ఆదివారం, నేను అడక్కుండానే, “పద, వెళ్ళి చూసొద్దాం” అన్నారు.

అప్పటికి ఎండలు ముదిరాయి. పొలాలు నెర్రెలిచ్చి ఉన్నాయి. సుబ్బారావు గారు అదే గట్టు మీద చుట్ట చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నారు. కిరణ్ మెట్ల కడ్డీలు పట్టుకుని పైకి ఎక్కారు. గొలుసు తుప్పు పట్టి, లింకులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలా ఉందని పైనుంచి అరిచి చెప్పారు. దాని మీద కందిరీగలు ఎప్పుడో కట్టిన మట్టి గూడు చెక్కు చెదరకుండా ఉందట. రెండు చేతులతో చక్రాన్ని తోశారు. కదల్లేదు.

ఆయన పైన ఉండగా నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. పాపని తీసుకెళ్ళి మళ్ళీ అదే చోట నిలబెట్టాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. “మాట్లాడు జానూ. ఎంతసేపైనా మాట్లాడు. అమ్మ ఇంకెప్పుడూ ష్ అనదు” అన్నాను. ఫోటోలు కూడా తీశాను, మళ్ళీ నాలుగు. తీసుకున్నది తిరిగి ఇస్తుందేమోనని. అంత చదువూ చదివి, ఒక ఇనప చక్రాన్ని నేను బతిమాలుకున్నాను.

పాప పైకి చూసింది. రెండుసార్లు మూలిగింది. ఆగింది. ఈల వేసింది.

గట్టు మీద సుబ్బారావు గారు అగ్గిపుల్ల గీస్తున్నవారు ఠక్కున తల ఎత్తారు. పాప వైపు కాదు, చక్రం వైపు చూశారు. చక్రం కదలడం లేదని రూఢి అయ్యాక మెల్లగా పాప వైపు తిరిగారు.

“ఈ మోత పిల్ల ఎక్కడ విందమ్మా?”

ఏ మోతండీ అన్నాను.

“గాలి మళ్ళినప్పుడు ఇది ఇట్టాగే రెండు సార్లు మూలిగేది. ఆగేది. ఆనక ఈలేసుకుంటా తిరగటం మొదలెట్టేది. అరవయ్యేళ్ళ పైనయింది నే విని. ఆనక మా ఇంటికొచ్చిన కోడళ్ళకి కూడా తెలీదిది.” ఆయన వేళ్ళ మధ్య అగ్గిపుల్ల కాలి ఆరిపోయింది. “ఇంకోసారి అనమను తల్లీ” అన్నారు.

పాప అనలేదు. ఎండుటాకులు ఏరుకుంటూ కూర్చుంది. మేము బయల్దేరుతుంటే ఆయన కారు దాకా వచ్చారు. “ఇంక పిల్లని ఇటు తీసుకురామాక” అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి ఆ రోజు తీసిన నాలుగు ఫోటోలూ చూశాను. పాప తొట్టి పక్కనే ఉంది. ఖాళీ పది అంకె దగ్గర ఉంది.

గాలిమర ఇప్పుడు లేదు. గ్యాస్ కట్టర్‌తో కోసి లారీలో వేసుకుపోయారని మాస్టారు చెప్పారు. మళ్ళీ వెళ్ళి పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. డాక్టరు గారు చెప్పినదే నిజమని పగలంతా ఒప్పుకుంటాను. ఆ వయసు అలాంటిది, ఆ రోజు కాకపోతే మరో రోజు మొదలయ్యేది. కానీ ఆ నాలుగు ఫోటోలకి నా ఫిజిక్సులో జవాబు లేదు. అరవయ్యేళ్ళుగా మోగని మోత ఇరవై నెలల పిల్ల గొంతులోకి ఎలా వచ్చిందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. తిరిగితేనే గిర్రు అనే పిల్ల ఆ రోజు ఏం చూసి గిర్రు అందో, చెప్పగలిగినది అదొక్కతే.

ఈ మధ్య నేను ఆ మోత నేర్చుకున్నాను. పాప పక్కన పడుకుని గొంతులోంచి రెండుసార్లు మూలుగుతాను. ఆగుతాను. అప్పుడు నా వైపు తిరుగుతుంది. ఎవరి కళ్ళలోకీ చూడని పిల్ల నా కళ్ళలోకి చూసి, మిగిలిన ఈల తను వేస్తుంది. “అమ్మా అను, జానూ” అంటాను. గోడ వైపు తిరిగిపోతుంది.

ఇందాక కూడా అలాగే నిద్రపోయింది. నోట్‌బుక్కు నా ముందే ఉంది. పద్నాలుగు మాటల కింద పదిహేను అని అంకె వేసి చాలా రోజులైంది. ఆ మోతని అక్షరాల్లో ఎలా రాయాలో తెలియక పక్కన ఖాళీగా వదిలేశాను.