మూడో టక్కు

చిన్నా పెద్దా అందరికీ ఆమె షెడ్డు పిన్ని. ముప్పై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తోంది. ముక్కు మీద కోపం, చేతిలో పానా, ఈ రెండూ లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. అలాంటి మనిషి ఆ ఉదయం నవ్వలేక కడుపు పట్టుకుని నేల మీద కూలబడింది. కొండ మీద కాన్పులు చేసే నర్సు, అంటే పిన్ని సొంత అక్క, తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మూడు మైళ్లూ రివర్సులోనే నడుపుకుంటూ షెడ్డుకొచ్చింది మరి. గేర్లు వాటంతటవే మారే బండి అది. ముందుకు పొమ్మంటే ఇంజను అరవడమే తప్ప చక్రం కదలదు.

"నవ్వింది చాల్లే. ఎల్లుండి నాలుగింటికి బండిని పరీక్షించడానికి మా ఆఫీసరొస్తాడు. బండి కొండ ఎత్తు ఎక్కకపోతే తుక్కు కింద రాసేస్తాడట. నన్ను కొండ కింద ఆఫీసులో కూర్చోబెడతారట" అంది అక్క.

పిన్ని నవ్వు ఠక్కున ఆగింది. గేర్‌బాక్సు దింపి విప్పి చూస్తే, బండిని ముందుకు నడిపే క్లచ్ ప్లేట్లు మాడి మసైపోయాయి. కొత్తవి తెప్పించి, ఆయిల్లో బాగా నానబెట్టి, ఒక్కొక్కటే కూర్చింది. పనంతా పెళ్లివారిల్లులా సందడిగా సాగింది.

మూడోరోజు మధ్యాహ్నానికి ఇక మిగిలింది టార్క్ కన్వర్టరు. ఇంజను బలాన్ని గేర్‌బాక్సుకి అందించే గుండ్రటి డబ్బా. దాన్ని నెడుతూ తిప్పుతుంటే టక్కుమని మూడుసార్లు లోపలికి దిగాలి. మూడోది దిగితేనే ఆయిల్ పంపుని పట్టుకున్నట్టు. దిగకుండా బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. ఈ పాత బండికి ఇంకో పంపు ఎక్కడా లేదు.

ఒకటి వినబడింది. రెండు వినబడింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆఫీసరు కారు హారన్ మోగింది. మూడోది అందులో కలిసిపోయిందనుకుని పిన్ని గేర్‌బాక్సుని జాకీతో పైకెత్తింది. ఇంజనుకీ దానికీ మధ్య వేలెడంత సందు ఉండిపోయింది.

"బోల్టులు బిగించెయ్యవే, అదే దగ్గరకొస్తుంది" అంది అక్క. ఆఫీసరు గడియారం చూసుకుంటూ కలం తీశాడు.

పిన్ని ఆ సందులో వేలు పెట్టి చూసింది. అక్క బతుకంతా ఆ వేలెడు సందులో ఉంది.

"మూడోది నేను వినలేదక్కా. దింపేస్తున్నా" అని జాకీ వదులు చేసింది.

మళ్లీ నెట్టింది, తిప్పింది, చెమట కళ్లలోకి కారుతుంటే తిప్పుతూనే ఉంది. టక్. పిన్ని చేతుల్లోంచి భుజాల దాకా సంతోషం పాకింది. ఈసారి సందు మూసుకుపోయింది. బోల్టులు బిగించి, ఆయిల్ పోసి, ఆరింటికి బండి స్టార్టు చేశారు.

విసుక్కుంటూనే ఆఫీసరు పక్క సీట్లో కూర్చున్నాడు. బండి ఎత్తు మీదికి దూసుకుపోయింది. గేరు మారిన చప్పుడు వినబడ్డప్పుడల్లా పిన్ని చిన్నపిల్లలా గెంతింది. కానీ గంట దాటినా వాళ్లు తిరిగిరాలేదు. సంతోషం కాస్తా కంగారైంది.

బాగా పొద్దుపోయాక వచ్చారు. దారిలో ఒకతను చేతులు అడ్డం పెట్టి ఆపాడట. భార్యకి నొప్పులట. అక్క బండిని వెనక్కి తిప్పకుండా నేరుగా వాళ్లింటికే పోనిచ్చిందట. ఆఫీసరు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

"ఆడపిల్ల" అన్నాడాయన, ఎవరూ అడక్కుండానే. తర్వాత కాగితం తీసి బానెట్ మీద పరిచాడు. "ఈ బండి ఇంకెన్నాళ్లు నడుస్తుందమ్మా?"

"ఆయిల్ మారుస్తూ ఉంటే పదేళ్లు" అంది పిన్ని.

ఆయన పదిహేను అని రాశాడు.