చెయ్యెత్తితే ఆగే బండి

డీసీఎం వ్యాను స్టీరింగు పట్టిన కొత్తలో నాకు అడవి దారి అంటే భయం లేదు. ఖమ్మం అంటేనే భయం. మా పుట్టినూరు చర్ల అవతల. ఆ రోడ్డు మీద ఏ మలుపు తర్వాత ఏ గుంత వస్తుందో నా కాళ్లకే తెలుసు. చెక్‌పోస్టు దగ్గర లోడు మీద కప్పిన పట్టా ఏ మూల ఎత్తి చూపిస్తే పోలీసులు తొందరగా పంపిస్తారో కూడా తెలుసు. మా నాన్న ట్రాక్టరు మీద నేర్చుకుని, పెళ్లయి బూర్గంపాడు వచ్చాక సొంత ట్రాలీ ఆటో నడిపి, పట్టుబట్టి హెవీ లైసెన్సు తెచ్చుకున్నదాన్ని. ఇంత చేసీ, పెద్ద ఊళ్లోకి బండి తీసుకుపోవాలంటే మాత్రం ఏదో ఒక సాకు వెతుక్కునేదాన్ని.

బండి నాది కాదు. బూర్గంపాడులో గోనెసంచులు, పట్టాలు అమ్మే సాబుది. తాతల నాటి నుంచీ వాళ్లది అదే వ్యాపారం. పాత డ్రైవరు మోకాళ్ల నొప్పులని మానేస్తే, ట్రాలీ నడిపే నన్ను పిలిచి "నడుపుతవా బేటీ?" అని అడిగాడు. అడిగాడే గాని నమ్మకం కుదిరినట్టు లేదు. రోజూ సాయంత్రం నేను బండి పెట్టగానే దుకాణం గడపలో కూర్చుని చెయ్యి చాపేవాడు. తాళంచెవి ఆ చేతిలో పెట్టాలి. దాన్ని వెనక గోడకున్న మేకుకు తగిలించి, అప్పుడు "టీ తాగుతవా?" అనేవాడు. పాత డ్రైవరు మాత్రం తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని ఇంటికి పోయేవాడట. ఆ సంగతి తెలిసిన దగ్గర నుంచీ ఆ టీ నా గొంతు దిగేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉన్నా ఏం చేస్తాను, గ్లాసు ఖాళీ చేసి ఇంటికి పోయేదాన్ని.

పోయిన ఎండాకాలం ఖమ్మం నుంచి ఒక పెళ్లివారి పని వచ్చింది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన మనవరాలి పెళ్లిలో బఫే వద్దన్నాడట. అందరూ వరసగా బంతిలో కూర్చోవాలి, అడ్డాకు విస్తట్లోనే తినాలి అన్నాడట. మా పుట్టినూరి ఆడవాళ్లు అడవిలో అడ్డాకులు తెంపి, సన్నటి పుల్లలతో విస్తళ్లు కుడతారు. ఎప్పుడూ దళారులే వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. పెళ్లివాళ్లు నేరుగా అడగడం అదే మొదలు. ఆకు చేర్చే పని నా మీద పడింది.

సాబు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"చూడు బేటీ, ఇది పెండ్లి సరుకు. మొదటి బంతి కూసునేలోపు ఆకు చేరాలె. చేరితే ఈ బండి నీదే అనుకో. చేరకపోతే పాత డ్రైవరు మోకాళ్లకు తైలం నేనే కొనిస్త, ఆయన్నే పిలుస్త. ఇంకో మాట. దారిల ఎవ్వలను ఎక్కించుకోకు. జల్దీ పో, సీదా పో."

మొదటి మాటకి భయపడ్డాను. రెండో మాటకి తల ఊపాను గాని మనసొప్పలేదు. ఎందుకంటే మా చర్ల దారిలో చెయ్యెత్తిన మనిషిని దాటి పోకూడదు. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. చెయ్యెత్తితే బండి ఆగాలి, అంతే. ఎక్కినవాళ్లను కిరాయి అడగరు. దిగేటప్పుడు వాళ్లే ఒక చెయ్యి వేసి పోతారు. బండి బురదలో దిగబడితే తోస్తారు, బస్తాలుంటే దించుతారు, ఏ పనీ లేకపోతే అద్దం తుడిచి పోతారు. నేను చిన్నప్పటి నుంచీ చూసింది అదే.

అయినా సాబు మాట సాబు మాటే. పెళ్లికి ముందు రోజు ఊరికి పోయి కట్టలు ఎక్కించుకున్నాను. వాటిని చూసుకోవడానికి ఆడవాళ్లంతా కలిసి ఒక అవ్వను నాతో పంపించారు. ఊళ్లో అందరికన్నా ముందు నుంచీ విస్తళ్లు కుట్టే మనిషి. ఖమ్మం ఎప్పుడూ చూడలేదు. కొత్త చీర కట్టుకుని, క్లీనరు సీట్లో కూర్చుని, తలుపు పిడి గట్టిగా పట్టుకుంది. తిరుగు దారిలో ఇద్దరు చెయ్యెత్తారు. నేను వాళ్లవైపు చూడకుండా పోనిచ్చాను. అవ్వ అద్దంలోంచి వెనక్కి చూసింది, నా వైపు చూసింది, తన కోయ మాటల్లో ఏదో గొణిగింది. తర్వాత తెలుగులో అడిగింది.

"రేపు నీ బండి యాడనన్న ఆగితే ఎవలు తోస్తరే?"

బూర్గంపాడు వచ్చేదాకా అద్దంలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం కూడా తాళంచెవి మేకు మీదికే పోయింది. అవ్వ మా ఇంట్లో పడుకుంది.

తెల్లవారుతూనే బయలుదేరాం. పాల్వంచ, కొత్తగూడెం హాయిగా దాటేశాం. ఎండ ముదిరే వేళకి ఖమ్మం వచ్చింది. మిర్చి సీజను. యార్డుకు పోయే లారీలు, ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉన్నాయి. గాల్లోనే కారం. నేను తుమ్ముతూ, అవ్వ దగ్గుతూ, నాలుగు వైపులా హారన్ల మధ్య ఊళ్లోకి దిగాం. ఎడమ పక్క ఆటో, కుడి పక్క ఆటో, ఆ రెంటి సందులోంచి ఒక బైకు. ఇంత మంది ఒకేసారి ఎక్కడికి పోతున్నారో నాకు అర్థం కాలేదు. చేతుల్లో చెమట పట్టి స్టీరింగు జారుతోంది.

అప్పుడు కూరగాయల సంచితో ఒకామె రోడ్డు మధ్యకొచ్చి నా వైపు చెయ్యెత్తింది. సాబు మాట బుర్రలో ఉంది గాని కాలికి ఎక్కలేదు. బ్రేకు పడిపోయింది. అవ్వ సంతోషంగా తలుపు తెరిచింది.

"ఎక్కు బిడ్డా. యాడికి పోవాలె?"

ఆమె అవ్వను పైకీ కిందికీ చూసి, గబగబా రోడ్డు దాటి పోయింది. వెనక హారన్లు మోత మోగాయి. కాస్త ముందుకు పోగానే ఒక ముసలాయన చెయ్యెత్తాడు. ఆపాను. అవ్వ తలుపు తెరిచింది. ఆయనా దాటి పోయాడు. ఆ తర్వాత స్కూటీ తోసుకుంటూ ఒక అమ్మాయి. అదే వరస.

"ఈ ఊరోళ్లకు చెయ్యెత్తుడు తెలుసు గని ఎక్కుడు తెల్వదేంది!" అంది అవ్వ.

ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగున వచ్చి బండి మీద చరిచాడు. "ఏందమ్మా, బస్సనుకున్నవా? స్టాపు స్టాపుకు ఆపుతున్నవ్!" అప్పటికి గాని నాకు వెలగలేదు. ఇక్కడ చెయ్యెత్తేది ఎక్కడానికి కాదు, దాటడానికి. అంటే ఇక్కడ చెయ్యి చూపిస్తే నువ్వు ఆగు, నేను పోతా అని. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతలో ఫోనులో మ్యాపు నన్ను బట్టల దుకాణాల మధ్యకు తీసుకొచ్చి వదిలేసింది. ఫంక్షన్ హాలు ఎటుందో తెలియదు.

ఇక ఎవరికీ ఆపకూడదని పళ్లు బిగించుకున్నాను. ఆ మాట అనుకున్న మరుక్షణం ఒక జంట చెయ్యెత్తింది. ఆవిడ పట్టుచీరలో, ఆయన చేతిలో మెరుపు కాగితం చుట్టిన డబ్బా. నా కాలు మళ్లీ నా మాట వినలేదు. అవ్వ తలుపు తెరిచింది.

"యాడికి బిడ్డా?"

"ఫంక్షన్ హాలుకు," అంది ఆవిడ, అడిగారు కాబట్టి.

"మేము గూడ ఆడికే. ఎక్కు మరి."

ఎండకు వాడిపోయి ఉన్నారేమో, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎక్కేశారు! నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్లు పోయేదీ మా పెళ్లికే, ఇద్దరికీ దారి తెలుసు. ఇంకాస్త ముందు, కారేపల్లి నుంచి వచ్చి మిర్చి అమ్ముకుని బస్టాండుకు పోతున్న ఒక రైతు చెయ్యెత్తాడు. అతను నిజంగా ఎక్కడానికే ఎత్తాడు. బస్టాండు హాలు దాటాకేనట. అవ్వ నా ఒళ్లోకి జరిగినంత పని చేసి చోటిచ్చింది. క్యాబిన్లో అత్తరు వాసన, మిర్చి ఘాటు కలిసిపోయి అందరం వరసగా తుమ్మాం.

పట్టుచీర ఆవిడ కుడి, ఎడమ చెబుతుంటే హాలు సందు దాకా వచ్చేశాం. అక్కడ ఆగిపోయాం. సందు మొదట్లోనే పైపుల కోసం అడ్డంగా గొయ్యి తవ్వి ఉంది. మనుషులు దాటడానికి మీద ఒక చెక్క వేశారు. బండి దాటేది కాదు. సందు చివర షామియానా కనిపిస్తోంది. అంత దగ్గర! ఫోను మోగింది. హాలు మేనేజరు.

"ఆకులేవమ్మా? అన్నం వార్చేశారు. జనం కూర్చోబోతున్నారు. ఇంకాసేపు చూసి కాగితం ప్లేట్లు తెప్పిస్తా."

కోపమొచ్చి స్టీరింగు మీద ఒక్కటి గుద్దాను. హారన్ మోగింది. బండి నిండా కట్టలు. మేమిద్దరం ఎన్నిసార్లు తిరిగితే చేరతాయి? నా కళ్లకు ఆ మేకే కనిపించింది, దాని మీద వేలాడే తాళంచెవి, దాన్ని అందుకునే పాత డ్రైవరు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

అవ్వ నన్ను పట్టించుకోలేదు. దిగబోతున్న పట్టుచీర ఆవిడను ఆపింది.

"దిగుతున్నవు గదా బిడ్డా, ఒక చెయ్యేసి పో."

"మేమా?" అంది ఆవిడ.

"ఎక్కింది మీరే గదా."

ముందు మిర్చి రైతు ఫక్కున నవ్వాడు. కండువా చుట్టి నెత్తిన పెట్టుకుని, "ఎత్తవ్వా" అని ఒక కట్ట పెట్టించుకున్నాడు. అది చూసి పట్టుచీర ఆవిడ మొగుడు మెరుపు డబ్బా భార్యకిచ్చి ఇంకొకటి భుజానికెత్తుకున్నాడు. ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా, డబ్బాను సీట్లో పెట్టేసి, చీర కుచ్చిళ్లు దోపుకుని, "నాకొకటి ఇవ్వండి, వీళ్లు పోయి వచ్చేసరికి పెళ్లయిపోతుంది" అంది.

ఆ తర్వాత అవ్వ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. చెక్క ముందు నిలబడి, పెళ్లికి వస్తున్న జనం వైపు చెయ్యెత్తింది. మా దారిలో ఎత్తినట్టే, నిటారుగా. ఆగారు. ఒక్కరు కాదు, వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆగారు. "పెండ్లి ఆకు బిడ్డా, ఒకటి పట్టుకపో" అంది. అంతే. నేను పైనుంచి అందిస్తుంటే, సూటువాళ్లు, నగలవాళ్లు, మల్లెపూల జడలవాళ్లు, తలొక కట్ట పట్టుకుని గొయ్యి దాటారు. సందులో ఖాళీగా కూర్చున్న బ్యాండువాళ్లు ఇదేదో పెళ్లి వేడుకే అనుకుని వాయించడం మొదలుపెట్టారు. అడ్డాకులకు అంత ఊరేగింపు ఎక్కడా జరిగి ఉండదు.

మొదటి బంతి మా ఆకులోనే కూర్చుంది. పెద్దాయన ఒక విస్తరి తీసి వాసన చూసి, "ఇదీ, ఈ వాసన కోసమేనమ్మా నా గోల" అని మమ్మల్ని కూడా కూర్చోబెట్టాడు. మిర్చి రైతు బస్సు సంగతి మరిచిపోయి నా పక్కనే కూర్చున్నాడు. అవ్వ మాత్రం చాలాసేపు తినలేదు. వంగి వంగి పక్కవాళ్ల విస్తళ్లలో పప్పుచారు కారుతోందేమో చూసింది. ఎక్కడా చుక్క కారలేదు. అప్పుడు ముద్ద కలిపింది.

సాబుకు ఫోన్ చేసి ఆకు చేరిందని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పడానికి ధైర్యం చాలలేదు. సాయంత్రం తిరిగి వస్తుంటే పాల్వంచ దాటాక రోడ్డు పక్కన ఒక మనిషి చెయ్యెత్తాడు. సాబు! స్కూటరు చెడిపోతే మెకానిక్కుకు వదిలి, వచ్చే బండికల్లా చెయ్యి చూపిస్తున్నాడు. తన బండేనని గుర్తుపట్టేసరికి ఆ చెయ్యి సగంలో ఆగింది. నేను బ్రేకు వేశాను. అవ్వ తలుపు తెరిచింది.

"ఎక్కు సాబూ. యాడికి?"

ఎక్కాడు. ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాడు. "హాలాయన ఫోన్ చేసిండు," అన్నాడు తర్వాత. "పెండ్లికొచ్చినోళ్లే కట్టలు మోసిన్రంట. ఎవ్వలను ఎక్కించకు అంటిని గద బేటీ."

"అన్నవ్ సాబ్. ఎక్కించిన. ఎక్కించకుంటే ఆకు చేరకపోతుండె," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

బూర్గంపాడు మలుపులో ఒకామె గడ్డిమోపుతో చెయ్యెత్తింది. నేను సాబు వైపు చూశాను. ఆయన అవ్వ వైపు జరిగి చోటు చేశాడు.

దుకాణం ముందు బండి ఆపాను. సాబు దిగి లోపలికి పోబోతుంటే అవ్వ గొంతు సవరించుకుంది.

"దిగుతున్నవు గదా సాబూ."

సాబుకు ముందు అర్థం కాలేదు. తర్వాత మీసాల్లో నవ్వుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఖాళీ బండిలో పడి ఉన్న పట్టాను దులిపి, నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచాడు. చేతులు దులుపుకుంటూ వెళ్లి గడపలో కూర్చున్నాడు. నేను అలవాటుగా తాళంచెవి తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపలేదు.

"టీ తాగుతవా?" అన్నాడు.

తాళంచెవిని చున్నీ కొసకు ముడి వేసుకుని, అవ్వ పక్కన కూర్చుని, ఆ రోజు రెండు గ్లాసులు తాగాను.