అరిచే అంకెలు, మింగే అంకెలు

ఆర్మూర్ బస్టాండ్ వెనుక కంప్యూటర్ నేర్పే ప్రభుదాస్‌కు ఆ వారం శిష్యుల పరీక్ష తన బతుకు పరీక్షే అయింది. పసుపు అడ్తి దుకాణం యజమాని కాశీరాం తన మనుషులకు సైబర్ మోసాల మీద శిక్షణ ఇమ్మన్నాడు.

"శనివారం ఉత్తుత్తి ఫోన్లు చేయించు. నన్ను సుత లెక్కవెట్టు, ఎవ్వలకు సుత ముందుగాల్ల చెప్పకు. అందరు నిలవడితే ఏడాదంత నీకే పని. ఒక్కడు పడ్డా నీ క్లాస్ బంద్."

పాఠం రాసిమ్మని ప్రభుదాస్ ఫోన్లో ఏఐని అడిగాడు. అది క్షణంలో ఇరవై పేజీలు కుమ్మరించింది. క్లాసులో అది చదువుతూ అనుమానపు ఈమెయిళ్ల దాకా వచ్చేసరికి హమాలీ నడిపయ్య గురక పెట్టాడు.

"సార్, మాకు ఈమెయిలే లేదు. లేనిదాన్ని ఎవడు ఎత్కపోతడు?" అంది గుమాస్తా వినోద.

మర్నాడు ప్రభుదాస్ పాఠం మానేసి పొద్దంతా దుకాణంలో కూర్చున్నాడు. ఫోను వాకిట్లో కాశీరాం దగ్గర, కంప్యూటరు లోపలి గదిలో వినోద దగ్గర. బ్యాంకు ఓటీపీ రాగానే కాశీరాం ఆమెకు వినబడేలా గొంతెత్తి చదివాడు. మధ్యలో కాంటా దగ్గరున్న నడిపయ్య దాన్ని అందుకుని ఇంకా గట్టిగా అరిచాడు. వేల్పూర్ రైతులిద్దరు శ్రద్ధగా విన్నారు.

"గట్ల అరుస్తవేందే?" అన్నాడు ప్రభుదాస్.

"అరవకుంటే దొంగ తూకమంటరు సారూ!"

ముప్పై ఏళ్లుగా బస్తాల తూకాలు అరిచి చెప్పే నడిపయ్య నిజాయితీ అంతా ఆ గొంతులోనే ఉంది.

ప్రభుదాస్ ఇదంతా పూసగుచ్చినట్టు ఏఐకి రాసి, వీళ్ల పనికి తగ్గ పాఠం కావాలన్నాడు. ఈసారి ఒకటే పేజీ వచ్చింది, అదే అందరికీ నేర్పాడు. తూకం అరవాల్సిన అంకె, ఓటీపీ మింగాల్సిన అంకె. గొంతు కాదు, ఫోనే వినోద దగ్గరికి నడవాలి. మోసగాడి మాటలు కూడా రాసిచ్చింది. అందులో 'గౌరవనీయులైన మహాశయా' అన్నది కొట్టేసి 'సేఠ్' అని పెట్టాడు ప్రభుదాస్.

శనివారం అతని భార్య కరుణశ్రీ ఒక్కొక్కరికీ ఓ నంబరు పంపి, ఫోన్ చేసింది. వినోద ఎదురు ప్రశ్నలతో ఆమెనే ముప్పుతిప్పలు పెట్టింది.

"నంబరొచ్చింది బిడ్డా. మింగిన," అని నడిపయ్య పెట్టేశాడు.

ఆఖరున కాశీరాం.

"సేఠ్, సాంగ్లీ పసుపు మార్కెట్ నుంచి. రెండు లారీల పసుపు కావాలె. గా నంబరు చెప్తే ఆర్డర్ పక్కా."

రెండు లారీలనగానే కాశీరాం మొహం విచ్చుకుంది. "రాసుకో బిడ్డా. నాలుగు..."

నడిపయ్య కాంటా వదిలి ఉరికాడు. సేఠ్ నోరు మూయడం మర్యాద కాదు కనుక తన నోరు తెరిచాడు. "అరవై రెండూ! యాభై తొమ్మిదీ! డెబ్భై ఒకటీ!" లోపలి నుంచి వినోద కూడా నోటికొచ్చిన తూకాలు అందుకుంది. తన బస్తా డెబ్భై ఒకటి తూగిందనుకుని ఏర్గట్ల రైతొకడు సంబరపడ్డాడు. అవతల కరుణశ్రీకి ఏ అంకె ఎవరిదో తెలియలేదు.

అది పరీక్షేనని ప్రభుదాస్ చెప్పాడు. ఒక్కడు పడ్డాడు, ఆ ఒక్కడే షరతు పెట్టినవాడు.

"సోమవారం రా," అన్నాడు కాశీరాం. "ముందుగాల్ల పాఠం నాకొక్కనికే చెప్పు. గీళ్లను బయటికి పంపినంకనే."