నూట పన్నెండో పేజీ

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా కార్మికుల మీద వచ్చిన నవలల్లోనే చదువుకున్నాను. బోరబండ దగ్గర ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పనిచేసే రోజుల్లో, షిఫ్టు దిగాక నేను పైకి చదివేవాణ్ణి, తోటివాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు. ఎవరైనా అనుమానపడితే, "అచ్చుల ఉన్నది అబద్ధమెట్లయితది భాయ్?" అని కసిరేవాణ్ణి. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మా సమ్మె ఒక మధ్యాహ్నం మొదలైంది. అప్పటికి బట్టీ నిండా కరిగిన ఇనుము ఉంది. అలాగే వదిలేస్తే లోపలే గడ్డకట్టి బట్టీ పాడైపోతుంది. సమ్మె గెలిచినా చేయడానికి పనుండదు. అందుకని బట్టీ పని తెలిసిన నా దోస్తును యూనియన్ కమిటీయే వెనక గేటు నుంచి లోపలికి పంపింది. ఇనుమంతా ఇసుకలోకి దించేసి, మసిముఖంతో బయటికి వచ్చాడు. మేం మెత్తబడ్డామని యజమాని అనుకోకూడదని, ఆ సంగతి కమిటీలో నలుగురం కడుపులోనే పెట్టుకున్నాం.

సమ్మె టెంటుకు ఒక కాలేజీ లెక్చరర్ మొదటి రోజు నుంచీ వచ్చేవాడు. మా చాయ్ తాగాడు, మా కష్టాలు రాసుకున్నాడు. రెండేళ్లకు నవల వేశాడు. ఎప్పటిలాగే నేను చదువుతున్నాను. నా దోస్తు పక్కనే కూర్చున్నాడు. నూట పన్నెండో పేజీలో, ఎడమచేతి చిటికెన వేలు లేని కార్మికుడొకడు యజమాని ఇచ్చిన సారా సీసాకు అమ్ముడుపోయి, వెనక గేటున దూరి బట్టీ నడుపుతాడు. మా అందరిలో ఆ వేలు లేనిది ఒక్కడికే.

"అబద్ధం! మేమే పంపినం!" అని అరిచాను.

"అచ్చుల ఉన్నది అబద్ధమెట్లయితదన్నా?" అని తోటివాళ్లు నా మాట నాకే అప్పజెప్పారు.

కమిటీలో మిగతా ముగ్గురూ అప్పటికే పని పోయి ఊళ్లకు వెళ్లిపోయారు. మర్నాటి నుంచి నా దోస్తుకు బీడీ నిప్పు ఇచ్చినవాడు లేడు.

ఇన్నేళ్ల తర్వాత మొన్న ఆ నవల మళ్లీ అచ్చయిందనీ, పంజాగుట్టలో సభ అనీ పేపర్లో చూసి, పుస్తకాల షాపులో ఆ పేజీ తిరగేసి చూసుకుని బోరబండ వెళ్లాను. చూపు మందగించిన నా దోస్తు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"గా పేజీ సుత ఉన్నదా?"

"ఉన్నది."

"నా మన్మలు మస్తు చదువుతుండ్రన్నా. ఆళ్ల చేతుల పడకముందే ఏదన్న చెయ్యి."

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల నోట్సు కొట్టే జిరాక్స్ షాపులో చీటీలు తీయించాను. ఆ కార్మికుణ్ణి పంపింది కమిటీ అనీ, ఎందుకు పంపిందీ, కింద నా పేరూ, ఫోన్ నంబరూ.

"ఏ కోర్సు తాతా?" అని నవ్వాడు షాపతను.

"పగ కోర్సు," అన్నాను.

సభకు ముందే వెళ్లి, బల్ల మీది ప్రతి పుస్తకంలో నూట పన్నెండో పేజీ దగ్గర చీటీ పెట్టాను. నన్ను నిర్వాహకుల మనిషనుకున్న ఒకావిడ, "వెనక ఇంకో కట్ట ఉందండీ, వాటిల్లో కూడా పెట్టేయండి," అంది. పెట్టాను.

సంతకం కోసం తెరిచిన మొదటి పుస్తకంలోంచే చీటీ జారి ఆ లెక్చరర్ ముందు పడింది. చదివాడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఇది నవలండీ. కల్పన."

"వేలు కల్పన కాదు సార్. అది మీరు చూసిన్రు, ఆడు వెనక గేటున బయటికొచ్చుడు చూసిన్రు. బట్టీల ఇనుము గడ్డకడితే ఏమైతదో ఎవర్నన్న అడిగిన్రా?"

అతను పెన్నుకు మూత పెట్టాడు. "అడగలేదు. ఆయన అడ్రసు ఇవ్వండి, వెళ్లి క్షమాపణ చెప్తాను."

"ఇంటికొచ్చి చెవుల చెప్తరా? గీ మైకుల చెప్పున్రి."

అతను మైకు వైపు చూడలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేను తొందరపడలేదు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొన్నవాళ్లు మెట్ల మీదే ఆగి చీటీ చదువుతున్నారు. కొందరు వెనక్కి తిరిగి వేదిక వైపు చూశారు. అతని పుస్తకాలు ఒక్కటీ మిగలకుండా అమ్ముడుపోవాలని ఆ హాల్లో అందరికంటే ఎక్కువగా కోరుకున్నది నేనే.