కోసిన పైపు

నా భార్య పదకొండో దినం నాడు, పొద్దున, వెనక పంచలోని నల్లాకు నీళ్లు సరిగా రాలేదు. బంధువులు ఇరవై మంది దాకా స్నానాలకు ఎదురుచూస్తున్నారు. మా బావమరిది ప్లంబర్‌ను పిలిపించాడు. ఆయన గోడ పక్క పాత ఇనుప పైపును జానెడు ముక్క కోసి, వెలుతురుకు పట్టి చూసి, నన్ను పిలిచాడు.

"సార్, గిది చూడున్రి."

తుప్పు ఉంటుందనుకున్నాను. లోపల గోడంతా గోధుమరంగు జిగురు, మందంగా పట్టి ఉంది. వేలు పెట్టి తీస్తే సాగింది.

"పాకురు సార్. నీళ్లు నిలువ ఉంటే గిట్లనే పడ్తది. ఇల్లు బందు పెట్టిన్రా ఏంది?"

"ఆరు నెలలు."

"మల్ల వచ్చినంక నల్లాలన్నీ ఇప్పి, పైపుల ఉన్న నీళ్లు ఇడిసిన్రా?"

"ట్యాంకు కడిగిన. నేనే కడిగిన."

"ట్యాంకు కాదు సార్, పైపు," అన్నాడు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

అంతకు ముందు ఏడాది మా అమ్మ ఈ ఇంట్లోనే పోయింది. ధనిష్ఠ నక్షత్రం. అయ్యగారు ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలన్నాడు. నాకు నమ్మకం లేదు, కానీ అమ్మ విషయంలో వాదించడం ఇష్టం లేకపోయింది. తాళం వేసి, సిద్దిపేటలోనే మరో గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. గడువు తీరాక శాంతి చేయించి, సున్నం వేయించి, ట్యాంకులోకి దిగి బ్లీచింగ్ పౌడర్‌తో రుద్దాను. అడుగు కనిపించేలా కడిగానని నా భార్యను మిద్దె మీదికి పిలిచి చూపించాను కూడా.

ఆమెకు ఆయాసం జబ్బు. రోజూ రెండుసార్లు నెబులైజర్ పెట్టుకునేది. మందు పోసే చిన్న గిన్నె, ముఖానికి పెట్టుకునే మాస్కు కడగడం నా పని. ఆ వెనక నల్లా కిందే కడిగి, నీళ్లు దులిపి, మేకుకు తగిలించేవాణ్ణి.

"నన్ను పెండ్లినాడు గూడ గంత మురిపెంగ చూడలే మీరు," అనేది. "అరిగిపోతది, ఇడువున్రి."

తిరిగి ఈ ఇంటికి వచ్చిన నెలకు ఆమెకు జ్వరం వచ్చింది. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము. దవాఖానలో కళ్లె పరీక్ష చేసి డాక్టర్ అడిగాడు: "ఇది తడి జాగాలలో బతికే సూక్ష్మజీవి. ఇంట్లో నీళ్లు ఎట్లుంటయి?"

"ట్యాంకు అద్దంలాగ ఉంటది సార్," అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండింది.

తొమ్మిదో రోజు ఆమె పోయింది.

పైపు ముక్క ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో వెతికి చదివాను. నీళ్లలో కొన్ని సూక్ష్మజీవులు పైపు గోడకు అంటుకుంటాయి. తమ చుట్టూ జిగురు ఊర్చుకుంటాయి. దాని మీద ఇంకొన్ని చేరతాయి. నీళ్లు కదలకపోతే నీళ్లలోని క్లోరిన్ మందు బలం పోతుంది, పొర పెరుగుతుంది. తర్వాత బ్లీచింగ్ వేసినా అది నీళ్లలో ఉన్నవాటిని చంపుతుంది కానీ పొర లోపలికి అంతగా పోదు. నల్లా తిప్పినప్పుడు ముక్కలు ఊడి వస్తాయి. నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి.

జీవితమంతా పుస్తకాలు చదివాను. ఇది చదవలేదు.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. "కావచ్చు, కాకపోవచ్చు," అన్నాడు. "ఆమె ఊపిరితిత్తులు మొదటి నుంచే బలహీనం. ఇప్పుడు తేల్చలేం." నెబులైజర్ గిన్నెను ఏ నీళ్లతో కడిగేవారని అడిగాడు. చెప్పాను.  "కాచి చల్లార్చిన నీళ్లతో కడగాలె, ఆరనియ్యాలె. ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో అయ్యగారు మా బావమరిదితో అంటున్నాడు: "చెల్లె పోయింది మంచి నక్షత్రంలనే నాయినా. ఇల్లు విడిచే పని లేదు." అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా వదిన, "గదొక్కటి మేలాయె," అంది.

కాసేపటికి బావమరిది నా దగ్గరికి వచ్చాడు. అతను తన ఊరు కొండపాకకు తిరిగి పోవాలి.

"బావా, ఆ మిషన్ ఇంక నీకెందుకు? ఇయ్యి, తీస్కపోత. మా అత్తకు గూడ దమ్ము లేస్తది. చెల్లె పేరు చెప్పుకుంటది."

"కొత్తది కొనిస్త."

"కొత్తదెందుకు? మంచిగున్నది గద. జర కడిగియ్యి, సాలు."

మేకు మీద గిన్నె, మాస్కు వేలాడుతూనే ఉన్నాయి. లోపల ఇంకా తడి ఉందేమోనని చూశాను. ఎండిపోయింది.

"ఇయ్యను," అన్నాను.

"ఏంది బావా, ఎందుకియ్యవు?"

 హాల్లోంచి వదిన తల తిప్పి చూసింది. పైపు ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని అతని చేతిలో పెట్టి, లోపల చూడమన్నాను.

"రోజూ రెండుసార్లు," అన్నాను. "ఈ నీళ్లతోనే కడిగిన."