కృష్ణకుమారి సొంత కంప్యూటర్

ఖతర్‌లోని అల్ వుకైర్‌లో ఒక ఖతరీ కుటుంబం ఇంట్లో కృష్ణకుమారి పద్నాలుగేళ్లుగా పని చేస్తోంది. ఊరు రాజోలు దగ్గర. ఆమె వచ్చినప్పుడు ఆ ఇంటి పిల్ల దానాకి నాలుగేళ్లు. అన్నం తినిపించడం, జడలు వేయడం, బడి బస్సు ఎక్కించడం అన్నీ ఈమె చేతుల మీదే జరిగాయి. పూర్తి పేరు నోరు తిరగక దానా ఆమెని "కుమా" అనేది. అదే నిలిచిపోయింది.

దానాకి పదకొండో ఏట కాలు విరిగి ఆరు వారాలు మంచం దిగలేదు. కంప్యూటర్లో ఇద్దరు కలిసి ఆడే ఆట ఒకటుంది. మంచు అడవిలో కట్టెలు కొట్టుకుని, గుడిసె వేసుకుని, చలికి చావకుండా బతకాలి. రెండో మనిషి లేక దానా ఒకరోజు కుమా చేతిలో కంట్రోలర్ పెట్టింది. మొదట్లో కుమా బొమ్మ అస్తమానం ఏట్లో పడి చచ్చిపోయేది. నెల తిరిగేసరికి గుడిసె కట్టడంలో దానా ఆమెని అందుకోలేకపోయింది.

కాలు బాగయ్యాక కూడా ఇద్దరూ ఆట మానలేదు. ఆడుతూ ఆడుతూ దానా బళ్లో ఎవరేమన్నారో, తనకి దేనికి భయమో చెప్పేది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే "ఏం లేదు" అనే పిల్ల. చేతులకి పనుంటేనే దానికి నోరు పెగులుతుందని కృష్ణకుమారి గమనించింది.

ఈ సెప్టెంబరులో దానా చదువుకని ఇంగ్లండు వెళ్లింది. ఖాళీగా ఎందుకని దానా తల్లి, అంటే మేడం, ఆ కంప్యూటర్‌ని తన అక్క కొడుక్కి ఇచ్చేసింది.

మొదటి నెల దానా రోజూ వీడియోలో కనిపించింది. తర్వాత కెమెరా ఆన్ చేయడం మానేసింది. ఒకసారి పొరపాటున ఆన్ చేస్తే, మిట్టమధ్యాహ్నం గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. ఒంటి మీద అంతకుముందు వారం చూసిన చొక్కాయే. ఆ రోజు, "నువ్వు ఇక్కడుంటే ఆడుకునేవాళ్లం కుమా" అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత పంపిన మెసేజీలు చదివినట్టు నీలం గీతలు పడుతున్నాయి, జవాబు లేదు.

కృష్ణకుమారి ఉండబట్టలేక మేడంతో అంది. "పాపకి ఒంట్లో బాగోలేదేమో అనిపిస్తోంది మేడం."

"పరీక్షలు దగ్గరపడ్డాయి. ఫోన్ చేసి చేసి దాన్ని విసిగించకు," అంది మేడం.

ఆ వారమంతా కృష్ణకుమారి గిన్నెలు తోముతున్నా, బట్టలు మడతపెడుతున్నా కళ్ల ముందు ఆ మూసిన కర్టెన్లే. మళ్లీ కలిసి ఆడదామంటే, దానాకి అక్కడ ల్యాప్‌టాప్ ఉంది గానీ, ఫోన్లో వచ్చే ఆట కాదది. పెద్ద కంప్యూటర్ ఉండాలి. ఇంటికి పంపేది పంపగా తన దగ్గర కొంత మిగిలింది. శుక్రవారం ఆమెకి ఒక్కపూట సెలవు. ఐదింటికల్లా వంటింట్లో ఉండాలి.

నమాజు అయ్యాక ఇంటి డ్రైవర్ మౌలాలి కారు తీశాడు. రాయచోటి మనిషి, ఆమెని అక్కా అంటాడు. కంప్యూటర్ కొనడానికి వెళ్తున్నానని దారిలో అతనికి చెప్పింది.

"మేడంకి చెప్పినావా అక్కా?"

"లేదు."

"చెప్పకుండా అంత పెద్ద పెట్టె ఇంట్లో పెడితే బాగుంటదా? నా ఉద్యోగం గూడా పోతాది."

"అడిగితే నా పేరే చెప్పు. నిన్ను ఇరికించను."

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో వెంకటప్ప అనే హిందూపురం ఆయన కంప్యూటర్ షాపు నడుపుతున్నాడు. వాళ్లు వెళ్లేసరికి అప్పుడే షట్టరు ఎత్తాడు. రంగురంగుల దీపాలు తిరుగుతున్న ఒక రెడీమేడ్ పెట్టె చూపించి, ఇది తీసుకుపోతే ఏ ఆటైనా ఆడుకోవచ్చమ్మా అన్నాడు.

"పక్క తలుపు తీసి చూపించండి," అంది కృష్ణకుమారి.

మూడేళ్ల కింద దానా తన కంప్యూటర్ తనే బిగించుకున్నప్పుడు, టార్చి పట్టుకుని స్క్రూలు అందించింది ఈమే. ఆ రోజు దానా పాఠం చెప్పినట్టు అన్నీ వివరించింది. పెట్టె అడుగున కరెంటు సరఫరా చేసే డబ్బా చూసి కృష్ణకుమారి తల అడ్డంగా ఊపింది. దాని మీద కంపెనీ పేరు లేదు, ఎన్ని వాట్లో చెప్పే చీటీ కూడా సగం చిరిగిపోయింది.

"ఇది వద్దండి. అన్నీ విడివిడిగా చూపించండి."

వెంకటప్ప ఆమెని అప్పుడు సరిగ్గా చూశాడు. ప్రాసెసర్, దానికి సరిపోయే బోర్డు బల్ల మీదికి వచ్చాయి. మెమరీ పదహారు జీబీ ఒకే ముక్కగా కాకుండా, ఎనిమిదివి రెండు కావాలని అడిగింది. పాత స్క్రీన్ ఒకటి దొరికింది. చిక్కంతా తెరమీద బొమ్మని నడిపించే గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది. కొత్తదాని ధర అందనంత ఎత్తులో ఉంది. సెకండ్ హ్యాండ్‌వి రెండున్నాయి. ఒకటి పెద్దది, మూడు ఫ్యాన్లది. ఇంకోటి దానికంటే పాతది, చిన్నది.

"పెద్దది తీసుకోమ్మా. ధర రెండిటికీ పెద్ద తేడా లేదు," అన్నాడు వెంకటప్ప.

"అరగంట ఆట నడిపి చూడాలండి."

"అరగంటా? ఎవరూ అట్ల అడగరమ్మా."

"నేను మళ్లీ వచ్చి మార్చుకోలేనండి. నాకు సెలవు ఒక్క పూటే."

షాపులో పరీక్ష కోసం ఉంచిన మిషనుకి ఆ పెద్ద కార్డు తగిలించి, ఆమె చెప్పిన మంచు అడవి ఆటే పెట్టాడు. వేడి ఎంతో తెరమీద ఒక మూల అంకె కనిపిస్తోంది. డెబ్బై. డెబ్బై ఎనిమిది. మౌలాలి ఫోన్ మోగింది. మేడం. దానా తమ్ముళ్లని వాళ్ల అమ్మమ్మ గారింట్లో దింపాలట, నాలుగున్నరకి కారు కావాలట. అప్పటికి మూడుంపావు దాటింది.

"అక్కా, పా. ఏదో ఒకటి తీసుకో."

"ఆగు."

ఎనభై ఆరు దగ్గర అంకె కాసేపు నిలబడింది. తర్వాత మంచు మీద పచ్చటి చుక్కలు లేచాయి. చూస్తూండగానే తెరంతా గళ్లుగళ్లుగా చీలి ఆగిపోయింది. వెంకటప్ప కార్డు ఊడదీసి బల్ల కిందికి తోశాడు. చిన్న కార్డు పెట్టి చూస్తే బొమ్మ అంత నున్నగా లేదు గానీ, ఇరవై నిమిషాలైనా వేడి అరవై ఎనిమిది దాటలేదు.

ఆమె చిన్నదే తీసుకుంది. మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లైకి పెట్టింది. బిగించే కుర్రాడు సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత గాని రాడని, రేపు పంపిస్తానని వెంకటప్ప అంటే, "నేను బిగించుకుంటానండి," అంది. విండోస్ ఎక్కించుకోవడానికి ఆయన ఒక పెన్‌డ్రైవ్ ఊరికే ఇచ్చాడు.

కారు గేటు దాటి లోపలికి వచ్చేసరికి మేడం వాకిట్లోనే నిలబడి ఉంది. మౌలాలి దించుతున్న అట్టపెట్టె చూసి, "ఏమిటది?" అని అరబ్బీలో అడిగింది.

మౌలాలి నోరు తెరిచేలోపే కృష్ణకుమారి ముందుకొచ్చింది. "నాదే మేడం. కంప్యూటర్. దానాతో ఆడడానికి."

మేడం ముఖం బిగుసుకుంది. "నాకు చెప్పనిది దానా నీకేం చెప్పింది?"

"ఏమీ చెప్పలేదు మేడం. అందుకే కొన్నాను."

అప్పటికే కారెక్కేసిన పిల్లలు హారన్ నొక్కుతున్నారు. చివరికి మేడం, "దానా గదిలో పెట్టు. నేనూ చూస్తాను," అంది.

దానా బల్ల మీద కృష్ణకుమారి సామాన్లు పరిచింది. మంచం అంచున కూర్చుని మేడం చూస్తోంది. కృష్ణకుమారి ప్రాసెసర్‌ని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని దాని చోట దించింది. దాని కింద ఉండే సన్నటి సూదుల్లో ఒక్కటి వంగినా పని అయిపోయినట్టే. స్క్రూలన్నీ బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

"పాడైందా?" అంది మేడం.

"చూస్తాను."

కార్డు తీసి మళ్లీ పెట్టింది. అదే నలుపు. వైర్లన్నీ ఒక్కొక్కటీ పట్టి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఐదు దాటింది, వంటింట్లో ఎవరూ లేరు. మేడం ఆ మాట ఎత్తలేదు. మెమరీ ముక్కల మీద వేలు పెట్టి నిమిరితే రెండోది ఒక కొస కొంచెం పైకి తేలి తగిలింది. బొటనవేలితో గట్టిగా అదిమితే టిక్కుమంది. మళ్లీ స్విచ్ నొక్కితే తెరమీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చెమట తుడుచుకుంది.

విండోస్ ఎక్కి, ఆట దిగేసరికి ఎనిమిదైంది. దానా పేరు పక్కన చుక్క బూడిద రంగులో ఉంది, అంటే ఆటలో లేదు. "నేను మన గుడిసె దగ్గర ఉన్నాను" అని ఒక మెసేజ్ పెట్టి, కృష్ణకుమారి ఆటలోకి వెళ్లి ఒక్కతే కట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. పావుగంట. అరగంట. మేడం లేవలేదు.

ఎనిమిదీ నలభైకి చుక్క పచ్చబడింది. మంచులో ఎర్ర కోటు వేసుకున్న బొమ్మ ఒకటి నడుచుకుంటూ వచ్చి, పక్కన నిలబడి గొడ్డలి ఎత్తింది. ఇద్దరూ కొడుతున్నారు. నాలుగు దుంగలు పడ్డాక స్పీకర్లో దానా గొంతు సన్నగా వినిపించింది.

"కుమా, నేను పదకొండు రోజులుగా గది దాటలేదు."

మేడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణకుమారి గొడ్డలి ఆపలేదు. దొంగచాటుగా వినిపించడం మాత్రం ఆమెకి మనసొప్పలేదు.

"దానా, మీ అమ్మ నా పక్కనే ఉంది. వింటోంది."

ఎర్ర కోటు ఆగిపోయింది. పచ్చ చుక్క ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అని కృష్ణకుమారి రెప్ప వేయకుండా చూసింది. చాలాసేపటికి గొడ్డలి మళ్లీ లేచింది.

"ఉండనీ," అంది దానా. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటీ చెప్పింది. నిద్ర పట్టకపోవడం, క్లాసుకి బయల్దేరి తలుపు దగ్గర్నుంచే వెనక్కి రావడం, తినాలనిపించకపోవడం. కూతురు చెప్పడం ఆపాక మేడం, "నేను వస్తున్నాను," అంది.

ఆదివారం మేడం విమానం ఎక్కింది. మూడు వారాలు అక్కడే ఉండి డాక్టరుకి చూపించింది. దానా ఆ టర్ము వదిలేసి డిసెంబరులో తల్లితోపాటు ఇంటికి వచ్చింది. జనవరిలో తిరిగి వెళ్లింది. పూర్తిగా నయమైందని ఎవరూ అనడం లేదు. ఇప్పుడు కెమెరా ఆన్ చేసి మాట్లాడుతోంది, వారానికోసారి డాక్టరు దగ్గరికి వెళ్తోంది.

కంప్యూటర్ ఖరీదు ఇస్తానని మేడం అంది. కృష్ణకుమారి వద్దంది. దాన్ని తన గదికి తీసుకుపోతానని మాత్రం అడిగింది. మౌలాలి మోసిపెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె గది తలుపు మూసి ఉంటే, లోపల దానాతో ఆడుతోందని తెలిసి, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆమెని పిలవరు.