దర్జీకి వచ్చిన కోర్టు కాగితం

కోర్టు నుంచి వచ్చిన కాగితాన్ని దర్జీ జాకెట్టు చేతి నమూనాకి కత్తిరించేశాడు. మందపాటి కాగితం, చక్కగా కుదిరింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసే ఆయన ఏ కాగితాన్నీ చదవడు, వేళ్లతో తడిమి మందం చూస్తాడంతే. ముక్కలు ఏరి చదివింది భార్య.

"పదమూడేళ్ల కిందట మీరు అప్పుచేసి ఫ్రిజ్ కొన్నారట! మనింట్లో ఫ్రిజ్ ఎప్పుడేడ్చింది? రేపటిలోగా జవాబివ్వకపోతే అంతా మనమే కట్టాలట. మిషనమ్మినా తీరదు, లేవండి!"

'ఈ అప్పు నేనెరగను, నా సంతకం చూపించండి' అని రాసి, పరుగున వెళ్లి కోర్టులో ఇచ్చాడు. అప్పిచ్చామంటూ దావా వేసిన కంపెనీ ఏ సంతకమూ చూపలేకపోయింది. కేసు కొట్టేశారు. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని దుకాణం తెరిచేసరికి గుమ్మంలో బస్సు కండక్టరు.

"ప్యాంటు ఇస్తానన్న రోజు దాటి వారమైంది, ఏం మనిషివయ్యా!"

"అప్పు నాది కాదని తేలింది గానీ బాబూ, ఆలస్యం మాత్రం నాదే."